అన్న ఫోన్‌లో పొదిగిన గుడ్లు

ఈ ఏడాది సంచికకు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు మా సమాజ విజ్ఞానం మేడం ఒక షరతు పెట్టారు. పుస్తకంలో ఉన్న రాజుల గురించి వద్దు, మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువు చరిత్ర రాయండి అన్నారు. మా తరగతిలో ఒకరు వాళ్ల తాత కుట్టుమిషన్ గురించి రాస్తున్నారు. ఇంకొకరి ఇంట్లో మద్రాసు రాష్ట్రం నాటి భూమి పత్రం ఉందట. మాది కంటోన్మెంట్‌లో రెండు గదుల బాడుగ ఇల్లు. పాత వస్తువంటే అవ్వ రోకలి ఒక్కటే. దాని గురించి అర పేజీ రాసేసరికి అయిపోయింది.

అప్పుడు అన్న పాత ఫోన్ గుర్తుకొచ్చింది. తెర పగిలిన ఆ ఫోన్‌లో ఒక జంతువు బొమ్మ ఉంది. బల్లికి రెక్కలు మొలిచినట్టు ఉంటుంది, వంకాయ రంగు. అన్న దానికి మల్లి అని పేరు పెట్టాడు. ఒకప్పుడు ఊళ్లో మా అవ్వ సాకిన మేక పేరు కూడా మల్లే. ఆ బొమ్మ మా ఇంట్లో 6,000 రూపాయలకు పైగా మింగింది, అందులో నా దుడ్లు కూడా ఉన్నాయి. మేడంకి చెబితే మొదట నవ్వారు. తర్వాత, "పాతికేళ్లదైనా చరిత్రే, రాయి. కానీ తేదీలు తప్పు రాయొద్దు" అన్నారు.

2021లో నేను ఆరో తరగతి, అన్న పీయూసీ. లాక్‌డౌన్ వచ్చి కాలేజీ మూసినప్పుడు అన్న కౌల్ బజార్‌లో జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరించే పనికి వెళ్లేవాడు. పీసుకు ఇంత అని లెక్క. ఆ ఏడాది చివర్లో ఒక స్నేహితుడు ఈ ఆట చూపించాడు. దాని పేరు ఇక్కడ రాయను, అలాంటివి అప్పుడు చాలా పుట్టాయి. మూడు జంతువులు కొనాలి, వాటితో రోజూ పోటీలు ఆడాలి, గెలిస్తే ఆటలో నాణేలు వస్తాయి. రెండు జంతువులను జత కడితే గుడ్డు వస్తుంది, గుడ్డు పిల్ల అవుతుంది, పిల్లను అమ్ముకోవచ్చు. నాణేలను కూడా అసలు రూపాయలుగా మార్చుకోవచ్చు. అన్న కూలి దుడ్లు 9,000 పెట్టాడు. తక్కువ పడితే నా మట్టి హుండీ పగలగొట్టి 600 ఇచ్చాను. ఇచ్చేటప్పుడు నేను బలవంతపెట్టి ఇచ్చాను, అది కూడా నిజమే.

ఇలాంటి జంతువులు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే జపాన్‌కు వెళ్లాల్సి వచ్చింది. 1996 నవంబరులో బందాయ్ అనే బొమ్మల కంపెనీ తమగోచి అనే చిన్న యంత్రాన్ని అమ్మడం మొదలుపెట్టింది. గుడ్డు ఆకారం, మూడు బటన్లు, చిన్న తెర. తెర మీద గుడ్డు పగిలి ఒక జీవి పుడుతుంది. అన్నం పెట్టాలి, శుభ్రం చేయాలి, లైటు ఆర్పి నిద్రపుచ్చాలి. మరిచిపోతే చచ్చిపోతుంది. పిల్లలు బడికి తెచ్చుకుని క్లాసులో దానికి తిండి పెట్టేవాళ్లట. దాన్ని తయారుచేసిన అకిహిరో యొకోయి, అకి మైతా అనే ఇద్దరికి 1997లో ఇగ్ నోబెల్ అనే నవ్వులాట బహుమతి ఇచ్చారు. అదీ ఆర్థిక శాస్త్రంలో! లక్షల గంటల మనుషుల పనిని లేని జంతువులను సాకడానికి మళ్లించినందుకట. ఆ మొదటి తమగోచిలో అమ్మడం, కొనడం లేవు. సాకినందుకు సాకడమే జీతం.

డబ్బు వచ్చింది నియోపెట్స్‌తో. ఇంగ్లండ్‌లో ఆడమ్ పావెల్, డోనా విలియమ్స్ అనే ఇద్దరు 1999 నవంబరులో కంప్యూటర్‌లో ఆడే ఈ ఆటను మొదలుపెట్టారు. ఇక్కడ జంతువు ఆకలితో ఉంటుంది కానీ చావదు. చిన్న చిన్న ఆటలు ఆడితే నియోపాయింట్లు వస్తాయి. వాటితో మేత కొనొచ్చు, అంగడి పెట్టుకోవచ్చు, బ్యాంకులో వేసుకుంటే వడ్డీ కూడా వస్తుంది. షేర్ల బజారు కూడా ఉండేది. పదేళ్ల పిల్లలు అందులో షేర్లు కొన్నారు అని చదివితే నాకు ఆశ్చర్యమేసింది, నాకు ఇప్పటికీ షేర్ అంటే సరిగ్గా తెలీదు. అయితే నియోపాయింట్లను డాలర్లకు అమ్మడం ఆ ఆట నియమాలకు విరుద్ధం. అందులో ఎవడైనా దివాళా తీసినా ఇంట్లో బియ్యం డబ్బా అలాగే ఉంటుంది. నిజమైన డబ్బు చూసింది ఆట యజమానులే. 2005లో వయాకామ్ అనే అమెరికా కంపెనీ దాన్ని 16 కోట్ల డాలర్లకు కొనింది.

ఆట జంతువును జత కట్టి, పిల్లను అసలు డబ్బుకు అమ్మడం పెద్ద ఎత్తున సాగిన చోట్లలో సెకండ్ లైఫ్ ఒకటి. 2003లో అమెరికాలోని లిండెన్ ల్యాబ్ తెచ్చిన ఊహాలోకం అది. అందులోని లిండెన్ డాలర్లను అసలు డాలర్లుగా మార్చుకోవచ్చు. అక్కడ ఓజిమల్స్ అనే సంస్థ కుందేళ్లను అమ్మింది. అరుదైన కళ్లు, అరుదైన బొచ్చు రంగు ఉన్న పిల్ల పుడితే మంచి ధర పలికేది. ఇంకొక సంస్థ గుర్రాలు తెచ్చింది. ఆ గుర్రాలు మా కుందేళ్లకు నకలు అని ఓజిమల్స్ గొడవపెడితే, తగువు అమెరికా కోర్టు దాకా వెళ్లింది. లేని గుర్రం, లేని కుందేలు, ఉన్న జడ్జి.

నన్ను ఆపింది మాత్రం ఇంకో విషయం. ఆ కుందేళ్లు తినే మేత కూడా అమ్మేది ఆ సంస్థే. గడ్డి కోసుకొచ్చి వేయడానికి లేదు. 2017 మే నెలలో సంస్థ తన సర్వర్లను ఆపేసింది. మేత తిన్నదీ లేనిదీ చూసే యంత్రం ఆగిపోయింది కదా, కుందేళ్లు నిద్రలోకి జారుకున్నాయి. మేత అక్కర్లేకుండా ఉండే ప్రత్యేక వస్తువు ముందే కొనిపెట్టినవి తప్ప మిగతావి మళ్లీ లేవలేదు. ఇది చదివి వినిపిస్తే అన్న ఏమీ మాట్లాడలేదు. అవ్వ మాత్రం "పాపం, ఎన్ని కుందేళ్లు?" అని అడిగింది. బొమ్మలవ్వా అన్నాను. "బొమ్మలైతే మేత ఎందుకు అమ్మినారు?" అనింది.

అదే 2017 నవంబరు చివర కెనడాలోని వాంకూవర్ నుంచి క్రిప్టోకిట్టీస్ వచ్చింది. పిల్లి బొమ్మలు. ఒక్కో పిల్లికి గుణాల పట్టీ ఉంటుంది, రెండు పిల్లులను జత కడితే ఆ గుణాలు కలిసి కొత్త పిల్లి వస్తుంది, మనం జీవశాస్త్రంలో చదివే మెండెల్ బఠాణీల మాదిరి. ఆ పిల్లి ఎవరిదో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో రాసి ఉంటుంది. అది ఒక ఉమ్మడి లెక్కల పుస్తకం అనుకోండి, రాసింది ఎవరూ చెరపలేరు. డిసెంబరు నాటికి ఈ పిల్లుల కొనుగోళ్లతో ఈథీరియం మొత్తం నెమ్మదించిపోయింది. 2018 సెప్టెంబరులో డ్రాగన్ అనే పేరున్న ఒక పిల్లి 600 ఈథర్లకు పోయింది, అప్పటి లెక్కలో లక్షన్నర డాలర్లకు పైమాటే. ఇలాంటి ఒక్క వార్త చాలు, వెయ్యి మంది గుడ్లు పొదగడానికి.

ఈ ఆటలు చేసినవాళ్లు తెలివిలేనివాళ్లు కాదు. పిల్లలు ఎక్కువైతే ధర పడుతుందని వాళ్లకు ముందే తెలుసు. అందుకే ప్రతి జతకు తర్వాత ఆ పిల్లి ఎక్కువకాలం ఆగాల్సి వచ్చేటట్టు చేశారు. కానీ కంపెనీయే మొదటి ఏడాది 15 నిమిషాలకు ఒక కొత్త పిల్లిని దించింది. ప్రతి అమ్మకంలో 3.75 శాతం కంపెనీకి. పిల్లి ధర ఎక్కినా దిగినా చేయి మారితే చాలు దానికి.

2018లో వియత్నాంలోని స్కై మావిస్ కంపెనీ యాక్సీ ఇన్ఫినిటీ తెచ్చింది. మా అన్న ఆడింది దీన్ని చూసి పుట్టిన ఒక చిన్న ఆట కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. యాక్సీ అంటే గుండ్రటి చిన్న జంతువు. అప్పట్లో ఆడాలంటే మూడు కావాల్సి వచ్చేది. గెలిస్తే ఎస్‌ఎల్‌పీ అనే నాణెం వచ్చేది. ఈ నాణేన్ని ఆటలో ఖర్చు పెట్టే ముఖ్యమైన చోటు అప్పుడు ఒకటే: జత కట్టడం. ఒక్కో యాక్సీకి ఏడుసార్లే సంతానం, ప్రతిసారీ ఖర్చు పెరుగుతుంది. కాగితం మీద చూస్తే బాగుంది. ఆడేవాడు నాణెం పుట్టిస్తాడు, పెంచేవాడు దాన్ని కాల్చేస్తాడు.

లెక్క నేనే వేసి చూశాను. 10 జంతువులు అంటే 5 జతలు. జతకు ఏడు చొప్పున 35 పిల్లలు. 35లో 17 జతలు, అంటే 119 పిల్లలు. 119లో 59 జతలు, 413 పిల్లలు. గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్ల ఎదగడానికి ఐదు రోజులే. పాతవాళ్ల దగ్గర జంతువులు ఉన్నాయి కాబట్టి ఈ 413ను కొనాల్సింది కొత్తవాళ్లే, మనిషికి మూడు చొప్పున 137 మంది. పది జంతువుల దగ్గర మొదలైనదానికి! తర్వాతి తరానికి 480 మంది కావాలి. కొత్తవాళ్లు వస్తున్నంత కాలం అందరికీ లాభమే. లెక్కల సార్‌కు చూపిస్తే, ఇది గుణశ్రేఢికి దగ్గరగా ఉంది, జతలో మిగిలిన ఒకదాన్ని నువ్వు వదిలేస్తున్నావు కాబట్టి సరిగ్గా రాదు అన్నారు.

యాక్సీ అందరికంటే ఎక్కువగా పాకింది ఫిలిప్పీన్స్‌లో. అక్కడి కబనటువాన్ అనే ఊళ్లో లాక్‌డౌన్‌లో పని పోయినవాళ్లు ఇంట్లో కూర్చుని ఆడి సంసారం నడుపుకున్నారు. దాని మీద 2021లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఆ ఏడాది జూలైలో ఒక ఎస్‌ఎల్‌పీ ధర అమెరికా 35 సెంట్లు దాటింది, మన లెక్కలో 26 రూపాయలు. మూడు యాక్సీలు కొనే స్తోమత లేనివాళ్లకు డబ్బున్నవాళ్లు తమ జంతువులను ఇచ్చేవాళ్లు. ఆడి సంపాదించిన దాంట్లో ఇద్దరికీ వాటా. ఇచ్చినవాణ్ణి మేనేజర్ అని, ఆడేవాణ్ణి స్కాలర్ అని పిలిచారు.

స్కాలర్ అంటే విద్యార్థి కదా, ఇక్కడ చదువు ఏముంది అని నాకు అర్థం కాలేదు. అవ్వ దగ్గర చెబితే వెంటనే పట్టేసింది. "పాలుకు ఇయ్యడం పాపా అది" అనింది. మా ఊళ్లో మేకలున్నవాళ్లు ఒక పడ్డను లేనివాళ్లకు ఇస్తారు. వాళ్లు మేపుతారు, ఈనిన పిల్లల్లో సగం ఇచ్చినవాళ్లకు, సగం మేపినవాళ్లకు. మల్లి అలాగే మా ఇంటికి వచ్చిందట. భూమికైతే దీన్నే కౌలు అంటారు. మన పక్కన కౌల్ బజార్ పేరులో ఉన్నది కూడా ఆ కౌలే అని, దండుకు సరుకులు అమ్మడానికి వచ్చిన వర్తకులకు ఇచ్చిన ఒప్పందం నుంచి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. పేరు ఇంగ్లీషులో పెట్టినంత మాత్రాన పద్ధతి కొత్తదైపోదు.

అన్న కూడా ఒక జంతువుల జట్టును మా సందులో ఎనిమిదో తరగతి అబ్బాయికి పాలుకు ఇచ్చాడు. మొదటి నెల రోజుకు నూరు, నూట ఇరవై దాకా పడింది. అన్న ఆ నాణేలను తీసుకోకుండా మళ్లీ గుడ్లకే పెట్టాడు. ఒక పిల్ల 1,400కు అమ్ముడుపోయిన రోజు మాకు గోబీ మంచూరి తెచ్చాడు. మా నాయన మాత్రం, "ఆ 1,400 ఇచ్చినోడు దాంతో ఏం చేసుకుంటాడురా?" అని అడిగాడు. వాడూ పిల్లలు పెట్టించుకుంటాడు అన్నాడు అన్న. "ఆ పిల్లల్ని?" అన్నాడు నాయన. అన్నకు కోపమొచ్చి బయటికి వెళ్లిపోయాడు.

యాక్సీలో అప్పటికే ఎదురుగాలి మొదలైంది. కొత్తవాళ్లు తగ్గారు, గుడ్లు పెట్టించేవాళ్లు తగ్గారు, కాల్చేవాళ్లు లేక ఎస్‌ఎల్‌పీ కుప్పలు పడింది. 2022 మొదట్లో ధర ఒక సెంటు దగ్గరికి దిగింది. 26 రూపాయలది ముప్పావలా అయింది. ఫిబ్రవరిలో కంపెనీ రోజువారీ పనులకు నాణెం ఇవ్వడమే మానేసింది. మార్చి 23న దొంగలు ఆ ఆటకు చెందిన రోనిన్ అనే వ్యవస్థలోకి చొరబడి 60 కోట్ల డాలర్లకు పైగా దోచుకున్నారు. అది ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పని అని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. చాలామంది ఆట చెడింది ఈ దొంగతనం వల్లే అనుకుంటారు. తేదీలు వరుసగా పెడితే అలా కనబడదు. దొంగలు వచ్చేసరికే నాణెం పడిపోయి ఉంది. మన దేశంలో అదే ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను వచ్చింది. పన్ను కట్టేంత లాభం అన్నకు రానేలేదు.

ఆ ఏడాది ఉగాదికి అన్నకు రోజుకు తొమ్మిది రూపాయలు పడుతోంది. ఎండాకాలానికి పిల్లలను కొనేవాళ్లే లేరు. పాలుకు ఆడిన అబ్బాయికి అన్న 700 ఇవ్వాలి. ఆటలో నాణేలే లేవు కాబట్టి వాటా కూడా లేదు, నష్టం ఇద్దరిదీ అని మొదట వాదించాడు. ఆ అబ్బాయి మా గుమ్మం ముందు నిలబడి ఏడ్చాడు. పరీక్షలప్పుడు కూడా ఆడాను అన్నాడు. అవ్వ లోపలి నుంచి, "మేపినోడి కూలి ఎగ్గొట్టకూడదప్పా" అనింది. అన్న మళ్లీ దారాలు కత్తిరించడానికి వెళ్లి ఆ 700 తీర్చాడు.

ఇదంతా ఫోన్లు వచ్చాక వచ్చిన పిచ్చి అని రాసి ముగిద్దామనుకున్నాను. మా మేనమామ వచ్చి దాన్ని చెడగొట్టాడు. మామది ఆలూరు పక్క పల్లె. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి కాబట్టి మామ వేరే రాష్ట్రం, మేము వేరే రాష్ట్రం. నా వ్యాసం చదివి, "మాకు ఫోన్ లేకుండానే అయింది పాపా ఇది. ఈమూ కోళ్లు" అన్నాడు.

ఈమూ ఆస్ట్రేలియా పక్షి, మనిషంత ఎత్తు, ముదురు పచ్చని గుడ్లు పెడుతుంది. మన దేశంలో దాని పెంపకం ఎక్కువగా వ్యాపించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మాంసం, నూనె, తోలు, ఈకలు అన్నీ అమ్ముడుపోతాయని చెప్పారు. అవి కొనే బజారు మాత్రం ఎక్కడా లేదు. రైతు పెంచిన పిల్లలను కొనింది ఈమూలు పెంచాలనుకున్న ఇంకో రైతు. తమిళనాడులో ఈరోడ్ జిల్లా పెరుందురైలోని సుశీ ఈమూ ఫార్మ్స్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. లక్షన్నర డిపాజిట్ కడితే పిల్లలు ఇస్తాం, మేత ఇస్తాం, నెలనెలా డబ్బు ఇస్తాం అనింది. 2012 ఆగస్టులో అది కూలిపోయింది. యజమాని పరారై దొరికాడు. ఆకలితో ఉన్న వేల పక్షులకు మేత వేయడానికి ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ దిగాల్సి వచ్చింది.

మామ పక్షులు తీసుకున్నది వేరే చోట. మేత ఖర్చు భరించలేక చివరికి వచ్చిన ధరకు ఇచ్చేశాడట. ఎంతకు అని అడిగితే చెప్పలేదు. "అవి కాళ్లతో తంతే రేకులు చినిగేవి, కానీ చెడ్డవి కావు" అని మాత్రం అన్నాడు.

అప్పుడు నాకు మూడు జంతువులు ఒక వరుసలో కనబడ్డాయి. అవ్వ మేక మల్లి పాలిచ్చింది, ఎరువిచ్చింది, దాని పిల్లలను పండగకు కొన్నవాళ్లు మేకలు పెంచేవాళ్లు కారు, తినేవాళ్లు. తినేవాడి దగ్గర ఆ లెక్క ముగుస్తుంది. ఫోన్‌లో మల్లికి పిల్ల తప్ప ఇంకేమీ లేదు, ఆ పిల్లకూ అంతే. ఈమూ నిజమైన పక్షి, రక్తమాంసాలున్నాయి, కానీ దాన్ని ఫోన్‌లో మల్లిలాగే అమ్మారు. కాబట్టి తేడా బొమ్మా, ప్రాణమా అన్న దగ్గర లేదు. ఆఖరున కొనేవాడికి దాంతో ఏం పని అన్న దగ్గర ఉంది. మా నాయన ఆ రోజు అడిగింది అదే.

వ్యాసం కోసం అన్నను లెక్కల పుస్తకం అడిగాను. మొదట ఇవ్వలేదు, రెండు రోజుల తర్వాత తనే నా బ్యాగులో పెట్టాడు. పెట్టింది 9,600. చేతికి వచ్చింది 3,850. అందులో 700 ఆ అబ్బాయికి. నా 600 వాపసు ఇచ్చినట్టు రాసి ఉంది కానీ నాకు అందలేదు, అడిగితే గోబీ మంచూరి అందులోదే అన్నాడు.

పుస్తకంలో 1,400 అని రాసిన చోట దాని పక్కన కొన్నవాడు ఆటలో పెట్టుకున్న పేరు ఉంది, పేరు చివర 2009 అని అంకె. నేను పుట్టిన సంవత్సరం కూడా అదే. అన్న దాని కింద పెన్సిలుతో సున్నా చుట్టి పెట్టాడు. ఎందుకు చుట్టావు అని అడిగాను. తర్వాత వాడికి మెసేజ్ పెడదామని అనుకున్నాడట, అప్పటికి ఆట తెరుచుకోలేదట.